రాగి తగ్గించిన వైరింగ్: మూడు వాటాల ఇంటి పని డైరీ

మీటర్ల గది నుంచి మూడు వాటాల బోర్డుల దాకా, పెరట్లో బోరు మోటారు దాకా అల్యూమినియం. గదుల్లో రాగి. ఈ ఇంటి వైరింగ్ మొత్తం ఇదే. ఎక్కడ ఏది ఎందుకు వేశామో, ఏది వేడెక్కిందో, ఏది ఊడదీసి మళ్లీ కట్టామో కొలతలతో రాస్తున్నాను. ఇల్లు ఏలూరులో. కింద ఒక వాటా, పై రెండు అంతస్తుల్లో చెరొకటి. ప్రతి వాటాకు విడి మీటరు, సింగిల్ ఫేజ్.

దశ 1: రాగి ఎక్కడ ఎంత ఉంది?

ఎలక్ట్రీషియన్ ఇచ్చిన మొదటి జాబితాను మీటర్లలో కాక కిలోల్లోకి మార్చాను. లెక్క సులువు: ఒక చ.మి.మీ. మందం ఉన్న రాగి తీగ మీటరుకు 8.89 గ్రాములు. అదే మందం అల్యూమినియం 2.7 గ్రాములు.

ఒక వాటాకు (90 మీటర్ల చుట్టలు):
1. 1.5 చ.మి.మీ. – 8 చుట్టలు – 9.6 కిలోలు
2. 2.5 చ.మి.మీ. – 5 చుట్టలు – 10.0 కిలోలు
3. 4 చ.మి.మీ. – 2 చుట్టలు – 6.4 కిలోలు

వాటాకు 26 కిలోలు, మూడింటికి 78. వీటికి తోడు మీటర్ల గది నుంచి బోర్డులకు వెళ్లే మెయిన్ తీగలు 10 చ.మి.మీ. జత, 46 మీటర్లు: 8.2 కిలోలు. వాటి వెంట ఎర్తు తీగ 4 చ.మి.మీ.: 1.6. మోటారుకు 4 చ.మి.మీ. మూడు తీగలు, 34 మీటర్లు: 3.6.

మొదటి అంచనా: 91.4 కిలోల రాగి.

ఇందులో దేన్ని మార్చాలి? అల్యూమినియం తీగ నడుమ భాగంలో ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది అంతా అతుకుల దగ్గరే. అందుకని ఒక్కో అల్యూమినియం అతుకుకు ఎన్ని గ్రాముల రాగి మిగులుతుందో లెక్క వేశాను.

– రెండో అంతస్తు మెయిన్, 21 మీటర్లు, 4 అతుకులు: అతుకుకు సుమారు 930 గ్రాములు.
– కింది వాటా మెయిన్, 9 మీటర్లు, 4 అతుకులు: 400 గ్రాములు.
– స్విచ్ బోర్డు నుంచి లైటుకు 1.5 చ.మి.మీ. తీగ, 4 మీటర్లు, 2 అతుకులు: 27 గ్రాములు.

27 గ్రాముల కోసం గోడ లోపల, ఎవరూ తిరిగి తెరవని చోట ఒక బలహీనమైన అతుకు పెట్టుకోవడం తెలివి కాదు. అమెరికాలో 1965–73 మధ్య రాగి ధర పెరిగినప్పుడు సాకెట్ల దాకా అల్యూమినియం వేశారు. 1972కు ముందు అలా కట్టిన ఇళ్లలో సాకెట్ల అతుకులు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి వేసిన ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ సర్వేలో తేలింది. తర్వాత 8000 శ్రేణి అల్యూమినియం మిశ్రమ లోహాలు వచ్చాయి. మన దుకాణాల్లో దొరికే ఆర్మర్డ్ (లోహపు కవచం ఉన్న) కేబుళ్లలో ఎక్కువగా ఉండేది మాత్రం మెత్తని శుద్ధ అల్యూమినియమే. మన దగ్గర కూడా పాత ఇళ్లలో చెక్క బాటన్ల మీద మేకులతో బిగించిన ఒంటి పోగు అల్యూమినియం వైరు ఇంకా కనిపిస్తుంది. స్విచ్ మార్చడానికి దాన్ని కొంచెం వంచితే పుటుక్కున తెగిపోతుంది.

అలాగని మొత్తం రాగితోనే కట్టాలన్న పట్టుదల కూడా నాకు లేదు. ఖేత్రి, మలంజ్‌ఖండ్ రాగి గనులు ఉన్నా మన అవసరానికి అవి చాలవు. 2018లో తూత్తుకుడి స్మెల్టరు మూతపడ్డాక శుద్ధి చేసిన రాగిని ఎగుమతి కంటే ఎక్కువగా దిగుమతి చేసుకుంటున్నాం. అల్యూమినియం సంగతి వేరు. ఒడిశా బాక్సైటు నుంచి దామన్‌జోడిలో తీసిన అల్యూమినా మన విశాఖ రేవు మీదుగానే విదేశాలకు పోతుంది. పొరుగునే దొరికే లోహాన్ని పనికొచ్చే చోట వాడకపోవడానికి కారణం కనిపించలేదు.

నిర్ణయం: మెయిన్ లైన్లు, మోటారు లైను అల్యూమినియం. బోర్డు దాటాక అంతా రాగి.

దశ 2: కేబుల్ దారి

10 చ.మి.మీ. రాగికి సాటి 16 చ.మి.మీ. అల్యూమినియం. తీగల భారత ప్రమాణం ఐఎస్ 8130 పట్టికలో మొదటిది కిలోమీటరుకు గరిష్ఠంగా 1.83 ఓంలు, రెండోది 1.91. తీసుకున్నది ఐఎస్ 7098 ప్రకారం చేసిన రెండు కోర్ల (లోపలి తీగల), ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ ఇన్సులేషన్ ఉన్న ఆర్మర్డ్ కేబుల్.

శ్లాబు పోసేటప్పుడే మెయిన్ల కోసం 25 మి.మీ. పైపులు పడి ఉన్నాయి. అవి పనికిరాలేదు. ఈ కేబుల్ బయటి వ్యాసం మా కొలతలో 18 మి.మీ. దాటింది. ఆర్మర్డ్ కేబుల్‌ను వ్యాసానికి 12 రెట్లకు తగ్గకుండా గుండ్రంగా తిప్పాలి, అంటే వంపు అర్ధవ్యాసం 22 సెంటీమీటర్లు. పైపులోని మలుపు దానికి సగం కూడా లేదు. గోడకు గాడి కొట్టిద్దామంటే అంత వంపు 9 అంగుళాల గోడలో పట్టదు.

మార్పు: మెట్ల పక్కన ఖాళీగా ఉన్న డక్టులో గోడ మీదుగా, శాడిళ్లతో బిగించాం. ఒక్కో కేబుల్‌కు రెండు మీటర్లు అదనం. 46 మీటర్ల రాగి స్థానంలో 52 మీటర్ల అల్యూమినియం పట్టింది. మీరు ఇది చేయాలనుకుంటే శ్లాబు దశలోనే నిలువు డక్టు వదలండి. ఆ తర్వాత దారి దొరకదు.

రాగి ఆదా ఇప్పటివరకు: 8.2 కిలోలు.

దశ 3: కేబుల్‌ను కొలవడం

కేబుల్ మీద 16 అని ముద్ర ఉన్నంత మాత్రాన లోపల 16 ఉండాలని లేదు. బిగించకముందే నేల మీద పరచి నిరోధం కొలిచాం. మామూలు మల్టీమీటరు ఓం రేంజిలో ఇంత చిన్న నిరోధం తెలియదు. అందుకని:

1. కేబుల్ ఒక చివర రెండు కోర్లను గట్టిగా బోల్టుతో కలపాలి.
2. రెండో చివర 12 వోల్టుల కారు బ్యాటరీ, దానితో వరుసలో రెండు హెడ్‌లైట్ బల్బులు, అవి రెండూ ఒకదానికొకటి సమాంతరంగా. సుమారు 9 ఆంపియర్లు పారుతుంది.
3. కరెంటును డీసీ క్లాంప్ మీటరుతో చూడాలి. మాకు 9.2.
4. మల్టీమీటరు ముళ్లను బ్యాటరీ క్లిప్పుల మీద కాక, వాటికి లోపలి వైపు తీగ మీదే ఆనించి వోల్టులు చూడాలి. క్లిప్పుల మీద పెడితే వాటి నిరోధం కూడా లెక్కలోకి వస్తుంది.

23 మీటర్ల ముక్కకు 0.82 వోల్టులు వచ్చింది. పోయిరావడం 46 మీటర్లు కాబట్టి కిలోమీటరుకు 1.94 ఓంలు. హద్దు దాటినట్టు కనిపిస్తుంది కానీ ఆ రోజు తీగ 33 డిగ్రీల వేడిలో ఉంది. అల్యూమినియం నిరోధం డిగ్రీకి 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీలకు దించితే 1.84. కేబుల్ మంచిదే. 25 ఆంపియర్ల దగ్గర వోల్టేజీ తగ్గుదల 2.2 వోల్టులు, ఒక శాతం లోపే.

దశ 4: లగ్గులు, క్రింపింగ్

ఈ పనిలో సగం గొడవ ఇక్కడే.

దుకాణం నుంచి వచ్చిన లగ్గులు (తీగ చివర తొడిగి నొక్కే లోహపు కొనలు) తెల్లగా మెరుస్తున్నాయి. "తెల్లగా ఉంది కదండీ, అల్యూమినియం లగ్గే" అన్నాడు తెచ్చిన కుర్రాడు. ఆకురాయితో ఒక్క గీత గీస్తే లోపల ఎర్రగా రాగి బయటపడింది. తగరం పూత పూసిన రాగి లగ్గులవి. అల్యూమినియం పోగుల మీద వాటిని నొక్కితే మొదట్లో బాగానే ఉంటుంది. చెమ్మ తగిలితే రెండు లోహాల మధ్య అల్యూమినియమే కరిగిపోతుంది. మనకు కావలసింది బైమెటాలిక్ లగ్గు: గొట్టం అల్యూమినియం, నాలుక రాగి, రెంటినీ కార్ఖానాలోనే రాపిడితో అతికిస్తారు. మంచి రకం గొట్టంలో ఆక్సైడు పట్టకుండా కాపాడే లేపనం ముందే నింపి, మూత పెట్టి వస్తుంది.

తర్వాతది నొక్కే పని. చేతి క్రింపరుతో ఒక నమూనా లగ్గు నొక్కి, కేబుల్ ముక్కను వైసులో బిగించి లాగాం. పోగులు జారి బయటికి వచ్చేశాయి. లగ్గును రంపంతో అడ్డంగా కోసి చూస్తే పోగుల మధ్య ఖాళీలు కనిపించాయి. హైడ్రాలిక్ క్రింపరు అద్దెకు తెచ్చి, 16 అల్యూమినియం అని ముద్ర ఉన్న ఆరు పలకల డైతో నొక్కాక కోస్తే లోపలంతా ఒకే ముద్దలా ఉంది. డై మీద అంకెతో పాటు లోహం పేరు కూడా చూడాలి. 16 రాగి డై, 16 అల్యూమినియం డై ఒకటి కావు.

మేం పాటించిన వరుస:

1. ఇన్సులేషన్ కత్తితో చుట్టూ కోయకూడదు, పోగు మీద గాటు పడితే అక్కడే విరుగుతుంది. పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా తీయాలి.
2. పోగులను స్టీలు బ్రష్షుతో రుద్దాలి. ఆ బ్రష్షు రాగి మీద వాడినది కాకూడదు.
3. వెంటనే లేపనం రాయాలి. అల్యూమినియం మీద ఆక్సైడు పొర క్షణాల్లో తిరిగి కడుతుంది, అది కరెంటును పోనివ్వదు.
4. లగ్గులో చివరిదాకా దోపి, నాలుక వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి నొక్కుతూ రావాలి.
5. బయటికి వచ్చిన లేపనం తుడిచి, హీట్‌ష్రింక్ తొడుగు వేయాలి.

దశ 5: వేడి పరీక్ష, మారిన పద్ధతి

పోల్చి చూడటానికి రెండో అంతస్తు బోర్డులో ఫేజ్ తీగకు పిన్ను రకం బైమెటాలిక్ లగ్గు పెట్టి, న్యూట్రల్‌ను మాత్రం చాలామంది చేసినట్టే నేరుగా మెయిన్ స్విచ్ టెర్మినల్‌లో బిగించాం.

భారం కోసం ప్లాస్టిక్ డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు, అందులో 1500 వాట్ల హీటరు రాడ్లు నాలుగు. సుమారు 26 ఆంపియర్లు. గంట వేసి, గంట ఆపి, మళ్లీ వేసి. గంటలో నీళ్లు దాదాపు 60 డిగ్రీలకు చేరతాయి, మార్చుకుంటూ ఉండాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా ఇది చేయవద్దు, కరెంటు ఉండగా నీళ్లలో వేలు పెట్టవద్దు.

వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది. కరెంటు ఆపి ప్రతి టెర్మినల్ మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి, దాని మీదికి గురిపెట్టాలి. టేపు లేకుండా 41 చూపిన చోటే టేపుతో 62 చూపింది.

కొద్ది రోజుల వేడి–చల్లదనం తర్వాత, గది 34 డిగ్రీలు ఉండగా:

– ఫేజ్, పిన్ను లగ్గు: 48 డిగ్రీలు. బ్యాటరీ పరీక్షలో అతుకు మీద 0.9 మిల్లీవోల్టులు.
– న్యూట్రల్, నేరుగా: 62 డిగ్రీలు. 13 మిల్లీవోల్టులు. బిగించిన రోజు ఇదే అతుకు 1.1 చూపింది.

13 మిల్లీవోల్టులను 9.2 ఆంపియర్లతో భాగిస్తే 1.4 మిల్లీఓంలు. 26 ఆంపియర్ల దగ్గర దాదాపు ఒక వాటు వేడి, వేలిగోరంత చోట. స్క్రూను పట్టి చూస్తే వదులైంది. కారణం తెలిసిందే. వేడెక్కితే అల్యూమినియం స్టీలు స్క్రూ కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, సాగే చోటు లేక స్క్రూ కింద నలిగి పక్కకు జరుగుతుంది, చల్లారితే తిరిగి నిండదు. ఆ సందులో ఆక్సైడు చేరుతుంది, ఇంకా వేడెక్కుతుంది. మళ్లీ బిగిస్తే సరిపోతుందని కొందరంటారు. మళ్లీ బిగించడం మళ్లీ నలపడమే.

పిన్ను లగ్గు నిలిచింది కానీ ఇంకో చిక్కు వచ్చింది. 16 చ.మి.మీ. కేబుల్ బిరుసు. బోర్డు మూత వేసేటప్పుడు అది మెయిన్ స్విచ్‌ను పక్కకు నెడుతోంది, మూత ఒరిగిపోతోంది.

అందుకని మూడు వాటాల్లోనూ, మీటర్ల గదిలోనూ ఒకటే పద్ధతికి మారాం: కేబుల్ గ్లాండ్‌తో (కేబుల్‌ను పెట్టెకు పట్టి ఉంచే బిగింపుతో) ఒక చిన్న పెట్టెలోకి వస్తుంది, అక్కడ బైమెటాలిక్ లగ్గు ఇత్తడి బ్లాకుకు బోల్టుతో, కింద స్ప్రింగు వాషరుతో బిగుస్తుంది, బ్లాకు నుంచి మెయిన్ స్విచ్ దాకా 60 సెంటీమీటర్ల 10 చ.మి.మీ. రాగి తోక. అల్యూమినియం అతుకులు అన్నే, కానీ ఇప్పుడు అన్నీ మూత తీస్తే కనిపించే చోట ఉన్నాయి.

బిగింపు కూడా కొలిచే చేశాం. టార్క్ స్క్రూడ్రైవరు ఖరీదు ఎక్కువ. మెయిన్ స్విచ్ మీద 2.5 న్యూటన్ మీటర్లు అని ఉంటే, స్క్రూడ్రైవరుకు అడ్డంగా స్పానరు తగిలించి, నడిమధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో సామాన్లు తూచే కొక్కెం త్రాసుతో లాగితే రెండున్నర కిలోల దగ్గర సరిపోతుంది.

మార్చాక అన్ని అతుకులూ 0.5–0.8 మిల్లీవోల్టుల మధ్య. అదే భారంతో అత్యధిక వేడి 46 డిగ్రీలు.

తోకలకు తిరిగి ఖర్చైన రాగి: 7.2 మీటర్లు, 0.6 కిలో. ఆదా ఇప్పటివరకు: 7.6 కిలోలు.

దశ 6: ఎర్తు తీగ

మెయిన్ల వెంట 4 చ.మి.మీ. రాగి ఎర్తుకు బదులు 8 నంబరు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) తీగ అనుకున్నాం. 23 మీటర్లకు బ్యాటరీ పరీక్షలో 0.27 ఓం. రాగి అయితే 0.1. పైగా ఇది డీసీ కొలత, ఇనుములో ఏసీకి నిరోధం ఇంకా పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్ అక్కడికక్కడే వద్దన్నాడు.

అంకెలను పక్కపక్కన పెట్టి చూశాం. ఎర్త్ పిట్ నిరోధం టెస్టరుతో 3.2 ఓంలు వచ్చింది. అంటే ఫేజ్ తీగ బాడీకి తగిలితే పిట్ గుండా పారేది మహా అయితే 230/3.2, సుమారు 72 ఆంపియర్లు. 32 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్) తక్షణం పడాలంటే 160 నుంచి 320 కావాలి. అంటే ఎర్తు తీగ రాగిదైనా, బంగారానిదైనా ఎంసీబీ వెంటనే పడదు. 3.2 ఓంల పక్కన 0.17 ఓం తేడాకు అర్థం లేదు. ప్రాణం కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. మూడు వాటాలకూ అది పెట్టాం, టెస్టు బటన్‌తో పాటు నిజమైన లీకేజీతో కూడా పడుతోందో లేదో చూశాం.

తుప్పు పట్టి తెగే భయం ఉంది కాబట్టి జీఐ తీగ ఒకటికి రెండు, వేర్వేరు బోల్టులకు. ఆర్మరును కూడా రెండు చివరలా గ్లాండ్ ఎర్తు ట్యాగుతో కలిపాం, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆదా ఇప్పటివరకు: 9.2 కిలోలు.

దశ 7: బోరు మోటారు

స్టార్టరు డబ్బా ఇంటి గోడకు, బోరు పెరటి చివర. భూమిలో మూడు కోర్ల 10 చ.మి.మీ. అల్యూమినియం కేబుల్. బోరులోకి దిగే చదును కేబుల్ ఎప్పటిలా రాగే, దాన్ని ముట్టుకోలేదు.

బోరు దగ్గర అతుకును మోటారు మెకానిక్ తన అలవాటు ప్రకారం మెలేసి, టేపు చుట్టి, ఇటుక కింద పెట్టి వెళ్లాడు. వానలు పడ్డాక టేపు విప్పితే అల్యూమినియం పోగుల మీద తెల్లటి పిండి, రెండు పోగులు తెగి ఉన్నాయి. రాగి మెరుస్తూనే ఉంది. రెండు లోహాలు తడిలో కలిసి ఉంటే త్యాగం చేసేది ఎప్పుడూ అల్యూమినియమే.

మార్పు:
1. నేల నుంచి రెండడుగుల ఎత్తున గొట్టానికి నీరు చొరని పెట్టె. కేబుళ్లు కింది వైపు నుంచే లోపలికి.
2. బైమెటాలిక్ లగ్గులు, వేర్వేరు బోల్టులు, మీద గ్రీజు.
3. పెట్టెలో అల్యూమినియం కోర్లు పై వరుసలో, రాగి కింది వరుసలో. రాగి మీద నుంచి జారిన నీటి చుక్క రాగిని మోసుకొచ్చి అల్యూమినియం మీద పడితే అక్కడ గుంటలు పడతాయి. అల్యూమినియం పైన ఉంటే ఆ బాధ లేదు.

ఆదా ఇప్పటివరకు: 12.8 కిలోలు.

దశ 8: గదుల్లో రాగిని తగ్గించడం

లోహం మార్చకుండానే ఇక్కడ తగ్గింది. జాబితా ప్రకారం డీబీ (వాటా మెయిన్ బోర్డు) వీధి గుమ్మం పక్కన. ఏసీలు, గీజర్లు అన్నీ వెనక గదుల్లో. డీబీని నడవా మధ్యకు జరిపితే 4 చ.మి.మీ. తీగ వాటాకు 180 మీటర్ల నుంచి 126కు దిగింది. వాటాకు 1.9 కిలోలు, మొత్తం 5.8. దీనికి పైసా ఖర్చు లేదు, అతుకులు పెరగలేదు.

ఈ దశలోనే ఒకరు సగం ధరకు వైరు చుట్టలు చూపించారు. పైకి రాగి రంగే. 2.5 చ.మి.మీ. తీగ మీటరు ముక్క ఒలిచి చిన్న త్రాసులో వేస్తే 22 గ్రాములు తూగాలి, తూగింది 9. రాగి పూత పూసిన అల్యూమినియం అది. ఐఎస్ 8130 లో దానికి చోటే లేదు. రాగి ఆదా చేసే ప్రత్యామ్నాయంగా దాన్ని చెప్పేవాళ్లు ఉన్నారు. నా మటుకు అది రాగి పేరుతో అమ్మే అల్యూమినియం, అంతే. రాగికి లెక్కగట్టిన ఎంసీబీ వెనక, రాగికి చేసిన టెర్మినల్‌లో, ఎవరికీ తెలియకుండా కూర్చునే తీగ. చుట్ట కొన్న రోజే ముక్క తూయించండి.

మొత్తం లెక్క

మొదటి అంచనా 91.4 కిలోలు. ఆదా 18.6. వాడిన రాగి 72.8 కిలోలు. దాదాపు 20 శాతం తగ్గింది. బదులుగా పట్టిన అల్యూమినియం మెయిన్లకు 4.5 కిలోలు, మోటారుకు 2.8.

డబ్బు లెక్క వేయడం లేదు, ధరలు నిలకడగా లేవు. కిలో రాగి కిలో అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైనే పలుకుతోంది. కానీ లగ్గులు, గ్లాండ్లు, పెట్టెలు, క్రింపరు అద్దె అందులో మంచి భాగం తినేశాయి. పై రెండు అంతస్తుల్లోనూ, మోటారు లైనులోనూ ఎలా చూసినా లాభమే. కింది వాటాలో 1.6 కిలోల రాగికి నాలుగు అతుకులు, రెండు పెట్టెలు, తోకలకు 0.2 కిలో వెనక్కి. పది మీటర్ల లోపు లైను ఎవరైనా అడిగితే రాగే వేయమంటాను.

వేసవి భారం పడ్డాక పెట్టెలన్నీ తెరిచి మళ్లీ మిల్లీవోల్టులు చూశాం. పదకొండు బోల్టులు కదల్లేదు. మొదటి అంతస్తు మీటరు వైపు న్యూట్రల్ ఒక్కటి 0.7 నుంచి 1.6కు చేరింది. విప్పితే స్ప్రింగు వాషరు చదునుగా అణిగిపోయి ఉంది. దాన్ని మార్చి, బోల్టుల మీద ఎర్ర మార్కరుతో గీతలు పెట్టాం. గీత పక్కకు జరిగితే మూత తీయగానే తెలుస్తుంది. మోటారు పెట్టెలో మూడు కోర్లూ 0.8 లోపే ఉన్నాయి.